చింతపిక్కలు, కొబ్బరి ఈనెలు, కాస్త ముగ్గుపిండి: చిన్న క్లాసుల్లో నేను చేయించే పనులు

ఒకటి, రెండు తరగతుల పిల్లలకి ఏం యాక్టివిటీలు చేయించాలి అని ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు తరచుగా అడుగుతున్నారు, ఇంట్లో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివించే అమ్మలు కూడా అడుగుతున్నారు. నేను కోనసీమలో ఒక చిన్న ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తాను. రెండు తరగతులూ ఒకే గదిలో కూర్చుంటాయి, టీచర్ని నేనొక్కదాన్నే. కాబట్టి ఇక్కడ చెప్పేవన్నీ అలాంటి గదిలో, డబ్బు పెద్దగా ఖర్చుపెట్టకుండా, నేల మీద కూర్చుని చేయగలిగినవే.

ముందు నా పట్టుదల ఏంటో చెప్పేస్తాను. ఏ యాక్టివిటీ గురించి విన్నా నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఇందులో ఆలోచించేది ఎవరు? "రేపటికి సౌర కుటుంబం మోడల్ తీసుకురావాలి" అని డైరీలో రాసి పంపిస్తే, రాత్రి పదకొండింటికి నాన్న థర్మకోల్ కోస్తాడు, అమ్మ రంగులు వేస్తుంది, పిల్లాడు అప్పటికి నిద్రపోయి ఉంటాడు. పొద్దున్నే అది బడికి వస్తుంది, ఫోటో తీస్తారు, బీరువా మీద పెడతారు. ఆ పిల్లాడి చేతికి ఏమీ తెలియలేదు. దీనికి బదులు గుప్పెడు చింతపిక్కలు నేల మీద పోసి "ఇవి ఎన్ని ఉంటాయో చూడకుండా చెప్పు, తర్వాత లెక్కపెట్టు" అన్నా చాలు, అది నిజమైన పని. ఫోటోకి బాగోదు, అంతే.

చింతపిక్కల దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే నా క్లాసులో సగం లెక్కలు వాటితోనే నడుస్తాయి. పిక్కని గరుకు నేలకేసి ఒక పక్క అరగదీస్తే లోపలి తెలుపు బయటికి వస్తుంది, రెండో పక్క నల్లగానే ఉంటుంది. ఈ అరగదీసే పని కూడా పిల్లలే చేస్తారు, ఇష్టంగా చేస్తారు. ఒక్కొక్కరికి పది పిక్కలు. రెండు చేతుల్లో గిలకరించి వేయాలి, తెల్లవి ఎన్ని పడ్డాయి, నల్లవి ఎన్ని పడ్డాయి పలక మీద రాయాలి. ఏడు తెలుపు, మూడు నలుపు. మళ్ళీ వేయాలి. నాలుగు, ఆరు. ఇలా వేస్తూ పోతే కొంతసేపటికి ఎవరో ఒకరు "టీచర్, నాకు ఎనిమిది తెల్లవి పడ్డాయి, నల్లవి లెక్కపెట్టక్కర్లేదు, రెండే" అంటారు. ఆ మాట కోసమే ఈ ఆటంతా. ఎనిమిదికి రెండు కలిస్తే పది అని నేను బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా రానిది, చేతిలో పది పిక్కలు ఉన్నాయన్న నమ్మకం వల్ల వస్తుంది. రెండో తరగతి పిల్లలు ఇంకో అడుగు ముందుకి వేస్తారు. అందరికీ పడినవి బోర్డు మీద గీతలుగా గీస్తే, ఐదు-ఐదు, ఆరు-నాలుగు లాంటివి ఎక్కువసార్లు వచ్చాయని, పదికి పది తెల్లవి పడటం చాలా అరుదని వాళ్ళకే కనిపిస్తుంది. ఎందుకలా అని ఆ వయసులో వివరించాల్సిన పని లేదు. గమనించారు, అది చాలు.

అష్టాచమ్మా కూడా ఇదే కుటుంబం. నాలుగు గవ్వలు, లేదా అరగదీసిన నాలుగు పిక్కలు. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మ, నాలుగు గడులు. నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. ఐదు వరుసలు, ఐదు నిలువులు ఉన్న గడుల మీద కాయ నడపాలి. ఆటలో పిల్లవాడు ముందుకి లెక్కపెడతాడు, ఎదుటివాడి కాయని కొట్టాలంటే ఎంత పడాలో వెనక్కి లెక్కపెడతాడు, పంతం మీద లెక్కపెడతాడు. వామనగుంటలు ఇంకా మంచిది. పద్నాలుగు గుంటలు, గుంటకి నాలుగు పిక్కల చొప్పున పోస్తే మొత్తం ఎన్ని కావాలో ముందే తేల్చుకుని ఆ డబ్బాలోంచి తీసుకురమ్మంటాను. గుణకారం రాని పిల్లలు కూడా గుంట గుంటకీ పోసుకుంటూ 56 దగ్గరికి చేరతారు. చెక్కతో చేసిన వామనగుంటల పలక కొనక్కర్లేదు, కోడిగుడ్ల అట్ట చాలు, లేదంటే ఆవరణలో మట్టిలో గుంటలు తీస్తే సరి.

ఇక పదులు, ఒకట్లు. మా ఊళ్ళో కొబ్బరి ఈనెలకి కొదవ లేదు. వేలెడంత ముక్కలు చేసి, పదేసి ఒక కట్ట, కట్టకి రబ్బరు బ్యాండు. పది కట్టలు కలిపితే ఒక పెద్ద కట్ట, అది వంద. చిన్నపిల్లల చేత నూట ఐదు రాయించి చూడండి, చాలామంది 1005 అని రాస్తారు. విన్నది విన్నట్టు రాశారు, పాపం వాళ్ళ తప్పేం లేదు, వంద అంటే 100, దాని పక్కన 5. అదే పిల్లకి ఒక పెద్ద కట్టా, ఐదు విడి ఈనెలూ ముందు పెట్టి, "చిన్న కట్టలు ఎన్ని ఉన్నాయి?" అని అడిగితే "ఏం లేవు" అంటుంది. ఆ ఏం లేకపోవడాన్ని రాయడానికే సున్నా అని అప్పుడు చెప్తే తలకెక్కుతుంది.

తీసివేతల్లో కూడా ఈ కట్టలే దిక్కు. 32 లోంచి 15 తీసేయాలి. మూడు కట్టలు, రెండు విడివి. ఐదు విడివి ఇవ్వాలి, రెండే ఉన్నాయి. ఏం చేయాలి? పిల్లలే చెప్తారు, కట్ట విప్పాలి టీచర్ అని. రబ్బరు బ్యాండు తీశాక పన్నెండు విడివి అయ్యాయి, ఐదు ఇచ్చేస్తే ఏడు మిగిలాయి, ఉన్న రెండు కట్టల్లోంచి ఒకటి ఇచ్చేస్తే ఒక కట్ట మిగిలింది, పదిహేడు. పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకోమని చెప్తే ఎందుకు తేవాలో, మళ్ళీ ఎప్పుడు తీర్చాలో ఏ పిల్లకీ అర్థం కాదు. కట్ట విప్పిన పిల్లకి అర్థమవుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. రెడీగా కట్టిన కట్టలు పిల్లలకి ఇవ్వకండి. సమయం మిగులుతుందని మనకి అనిపిస్తుంది గానీ, లెక్కపెట్టి పది అవ్వగానే బ్యాండు వేయడంలోనే పాఠం ఉంది.

అక్షరాల విషయానికి వస్తే, పెన్సిల్ పట్టుకోవడానికి ముందు వేలు, వేలుకి ముందు మొత్తం చెయ్యి అనేది నా పద్ధతి. ఆవరణలో సుద్దతో మనిషంత అక్షరం గీస్తే దాని మీద పిల్లలు నడవాలి, ఎక్కడ మొదలుపెట్టాలో ఎటు తిరగాలో కాళ్ళకి తెలియాలి. తర్వాత పళ్ళెంలో ఇసుక. అక్షరాభ్యాసం రోజు బియ్యంలో దిద్దించడం మనందరికీ తెలిసిందే, వెనకటి వీధిబడుల్లో ఇసుకలోనే దిద్దేవాళ్ళు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర బడిని నడిపిన ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ మతాధికారి, ఇక్కడి పిల్లలు ఇసుకలో వేలితో రాయడం చూసి తన బడిలో అదే పెట్టించాడు. పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకి నేర్పే పద్ధతితో పాటు దాన్ని గురించి 1797లో లండన్‌లో ప్రచురించాడు, ఆ తర్వాత ఇంగ్లండ్ బడుల్లోకి ఇసుక పళ్ళేలు వెళ్ళాయి. మన దగ్గర మాత్రం ఇప్పుడు మూడేళ్ళ పిల్లకి నాలుగు గీతల కాపీ బుక్ ఇస్తున్నాం. ఆ చిన్న వేళ్ళ కండరాలు ఇంకా గట్టిపడకుండానే పేజీలు పేజీలు రాయించడం నాకు అస్సలు నచ్చదు, ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

మట్టి అన్నిటికన్నా మంచి సాధనం. చెరువు మట్టి తెచ్చి, రాళ్ళు ఏరి, తడిపి ముద్ద చేస్తే ఒక వారం వాడుకోవచ్చు, తడిగుడ్డ కప్పి ఉంచాలంతే. పాముల్లా పొడుగ్గా చేసి వాటితో అక్షరాలు పేర్చాలి. తెలుగు అక్షరాలు గుండ్రాలు కాబట్టి మట్టికి భలే లొంగుతాయి. నేను అక్షరమాల వరసలో వెళ్ళను, పోలికలున్న వాటిని కలిపి చేయిస్తాను. వ చేశాక దాన్ని చెరపకుండా ఒక ముక్క చేర్చి మ చెయ్యమంటాను. ప చేశాక లోపల ఏం పెడితే ష అవుతుందో కనుక్కోమంటాను. ఈ అక్షరాల దగ్గర తికమకపడని పిల్లలు ఉండరు, పుస్తకంలో చూసి తేడా పట్టుకోవడం కష్టం, చేత్తో ముక్క అతికించినప్పుడు తేడా వేళ్ళలో ఉండిపోతుంది. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిసోరి గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి పిల్లల చేత తడిమించింది కూడా ఇందుకే. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధం వల్ల ఇక్కడే ఉండిపోయి, కొన్నేళ్ళ పాటు మన టీచర్లకి శిక్షణ ఇచ్చింది. ఇప్పుడు ఆ పేరు చెప్పగానే వేలకి వేలు ఫీజులున్న స్కూళ్ళు గుర్తొస్తాయి గానీ, ఆవిడ మొదటి బడి 1907లో రోమ్ నగరంలో కూలి కుటుంబాలుండే పేటలో పెట్టింది.

చదవడానికి ఇంకో చిన్న పని. ఇంట్లో వాడేసిన సబ్బు పెట్టెలు, పాల ప్యాకెట్లు, బిస్కెట్ కవర్లు, టీ పొడి కవర్లు తెమ్మంటాను. అక్షరాలు రాని పిల్లలు కూడా అవి "చదివేస్తారు". రంగు చూసి చెప్పినా ఫర్వాలేదు. తర్వాత ఆ పేరులోని మొదటి అక్షరం ఇంకే కవరు మీద ఉందో వెతకమంటే గదంతా జల్లెడ పడతారు. బస్సు బోర్డుల ఊళ్ళ పేర్లు కూడా ఇలాగే అట్టల మీద రాసి, కుర్చీలు వరసగా వేసి, బస్సు ఆట ఆడిస్తాను. అమలాపురం వెళ్ళాల్సిన పిల్ల రావులపాలెం బోర్డున్న బస్సు ఎక్కితే కండక్టర్ దింపేస్తాడు.

ఇప్పుడు ముగ్గులు. నాకు చాలా ఇష్టమైన భాగం ఇది, కాస్త ఎక్కువ రాస్తాను. ముగ్గు అనగానే సంక్రాంతి పోటీలు, రంగులు అనుకుంటాం గానీ, చుక్కలు పెట్టడంలో ఉన్నంత లెక్క రెండో తరగతి పుస్తకంలో లేదు. మధ్యలో ఏడు చుక్కలు, అటూ ఇటూ సందు చుక్కలు నాలుగు వచ్చేదాకా. అంటే 4, 5, 6, 7, 6, 5, 4. సందు చుక్క అంటే రెండు చుక్కల మధ్య సందులో పెట్టేది కాబట్టి ప్రతి వరుసకీ ఒకటి తగ్గుతుంది. అదే చుక్కకి ఎదురుగా చుక్క పెడుతూ రెండు కొసలూ వదిలేస్తే వరుసకి రెండు తగ్గుతాయి, మధ్య ఏడుకి పైనా కిందా 5, 3, 1. ఎందుకు ఒకచోట ఒకటి, ఇంకోచోట రెండు తగ్గుతోంది? ఈ ప్రశ్న వేసి నేను ఊరుకుంటాను. పిల్లలు చుక్కలు పెట్టి చూసి, చెరిపి, మళ్ళీ పెట్టి, వేలితో చూపించి చెప్తారు. మొత్తం చుక్కలు ఎన్ని అని అడిగితే మొదట ఒక్కొక్కటీ లెక్కపెడతారు. కొన్నాళ్ళకి పై సగం, కింది సగం ఒకటే అని కనిపెట్టి, 4, 5, 6 కలిపితే 15, రెండు పదిహేనులు 30, మధ్య ఏడు కలిపితే 37 అంటారు. రెండోదాంట్లో 25 వస్తాయి. ఇలా కలపమని నేను నేర్పలేదు, చుక్కల ఆకారమే నేర్పింది.

తర్వాత సగం ముగ్గు నేను వేసి రెండో సగం వాళ్ళని వేయమంటాను. పక్కన చిన్న అద్దం నిలబెట్టి చూస్తే తాము వేసింది సరిగా ఉందో లేదో వాళ్ళే దిద్దుకుంటారు, నన్ను అడగరు. అబ్బాయిలు కూడా వేస్తారు, మొదటి రెండు రోజులు సిగ్గుపడతారు, తర్వాత పోటీ పడతారు. మా బడిలో మధ్యాహ్న భోజనం వండే అక్క చేతిలో మెలికల ముగ్గు చెయ్యి తీయకుండా ఒకే గీతగా నడుస్తుంది. ఆవిడ్ని ఒక గంట క్లాసుకి పిలిచి వేయించాం. పిల్లలు ఆవిడ్ని కూడా టీచర్ అని పిలవడం నాకు చాలా సంతోషం అనిపించింది. ముగ్గుపిండి లేకపోతే సోడా మూతలు చుక్కలుగా పేర్చి, దారంతో మెలికలు తిప్పించవచ్చు.

కొలతలకి వంటింటి పాత్రలే ఆధారం. గిద్ద, సోల, తవ్వ, మానిక అనే పాత కొలపాత్రలు పిల్లల ఇళ్ళల్లో ఇప్పుడు తక్కువ కనిపిస్తున్నాయి, నాయనమ్మల దగ్గర ఉంటాయి, అడిగితే ఇస్తారు. ఇసుకతో కొలిపించాలి, బియ్యంతో వద్దు, తినేది నేలపాలు చేయడం అలవాటు కాకూడదు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. మానికలో ఎన్ని గిద్దలు పడతాయి? కొందరు ఎనిమిది అంటారు, కొందరు ఇరవై అంటారు, పోసి చూస్తే పదహారు. పోయకముందు ఊహ చెప్పించడం తప్పనిసరి, ఊహ లేకుండా కొలిస్తే అది ఉత్త పోత. నీళ్ళతో ఇంకో పని ఉంది. ఒకే కొలత నీళ్ళు పొడుగు సన్న గ్లాసులోనూ, వెడల్పు గిన్నెలోనూ పోసి ఎందులో ఎక్కువ అని అడగండి. ఐదారేళ్ళ పిల్లల్లో చాలామంది పొడుగు గ్లాసే చూపిస్తారు. స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ పియాజే దీని మీద ఎంతో పరిశీలించి రాశాడు. వెంటనే దిద్దేయకండి. వాళ్ళలో వాళ్ళు వాదించుకోనివ్వండి, మళ్ళీ వెనక్కి పోసి చూడనివ్వండి. ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు, వచ్చే ఏడు ఒప్పుకుంటారు.

వినాయక చవితి ముందు వారం ఆకుల పాఠం పెట్టుకుంటాను, ఆ రోజుల్లో ఊరంతా పత్రి కోసం తిరుగుతుంది కాబట్టి. ఇరవై ఒక్క రకాలూ దొరకవు, దొరికిన పది పన్నెండు చాలు. మామిడి, మారేడు, రావి, తులసి, రేగు, దానిమ్మ, జమ్మి, గరిక. వాసన చూడాలి, అంచు తడమాలి, ఈనెలు ఎటు పోతున్నాయో చూడాలి, కాగితం కింద పెట్టి క్రేయాన్‌తో రుద్ది అచ్చు తీయాలి. తర్వాత గుంపులు చెయ్యమంటాను, ఎలా చెయ్యాలో చెప్పను. కొందరు పెద్దవి-చిన్నవి అని విడదీస్తారు, కొందరు ముళ్ళున్న చెట్లవి ఒకవైపు పెడతారు, ఒక పిల్ల మేక తినేవి, తిననివి అని విడదీసింది, దానికి మించిన వర్గీకరణ నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. ఇక్కడ గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. పత్రిలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడా ఉంటాయి. మొదటి రెండూ విషం, జిల్లేడు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. చిన్న క్లాసులో ఆ మూడింటినీ చేతికి ఇవ్వకండి, దూరం నుంచి చూపించి, ఎందుకు ముట్టుకోకూడదో చెప్పండి, ఆకుల పని అయ్యాక అందరి చేతులూ సబ్బుతో కడిగించండి. అలాగే అంగన్‌వాడీ వయసు పిల్లలకి చింతపిక్కలు, కందిపప్పు, పూసలు ఇవ్వొద్దు, నోట్లో, ముక్కులో పెట్టుకుంటారు. వాళ్ళకి పిడికిలి కన్నా పెద్దవే ఇవ్వాలి: సీసా మూతలు వద్దు, కొబ్బరి చిప్పలు, మొక్కజొన్న కండెలు, గుడ్డ బంతులు.

బొమ్మలు చేసి సైన్స్ నేర్పడంలో నేను అరవింద్ గుప్తా గారికి రుణపడి ఉన్నాను. ఐఐటీ కాన్పూర్‌లో ఇంజినీరింగ్ చదివి, మధ్యప్రదేశ్ హోషంగాబాద్‌లో 1972లో మొదలైన బడి సైన్సు కార్యక్రమంలోకి వెళ్ళి, పల్లె సంతలో దొరికే వస్తువులతో బొమ్మలు చేయడం మొదలుపెట్టారు. 2018లో పద్మశ్రీ వచ్చింది. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబ్ ముక్కలు కలిపి ఆకారాలు చేయడం ఆయన చూపించినదే. పుల్లల మందు ముందే గీకేసి ఇవ్వాలి, నేనైతే ఈనెల ముక్కలే వాడతాను. చతురస్రం చేసి మూల నొక్కితే ఒరిగిపోతుంది, త్రిభుజం ఎంత నొక్కినా కదలదు. ఇది చూశాక మా పిల్లలు పెంకుటింటి వాసాల్లో, కరెంటు టవర్లో త్రిభుజాలు వెతుక్కుంటూ ఇంటికెళ్ళారు. ఆయన వెబ్‌సైట్‌లో పుస్తకాలు ఉచితం, తెలుగులో కూడా కొన్ని ఉన్నాయి.

ఇన్ని చెప్తుంటే మీకు వచ్చే సందేహాలు నాకు తెలుసు. సిలబస్ ఎప్పుడవుతుంది? గోల ఎలా తట్టుకోవాలి? రెండు తరగతులు ఒకే గదిలో ఎలా? మూడో ప్రశ్నకి మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ స్కూలు వాళ్ళు చుట్టుపక్కల పల్లె బడుల్లో ఎప్పుడో దారి చూపించారు, పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెనలా పేర్చి, ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉంటే అక్కడి నుంచి ముందుకి వెళ్ళేలా. నేను అంత పద్ధతిగా చేయలేను, నాలుగు గుంపులు చేస్తాను, రెండు గుంపులకి చేతి పని, ఒక గుంపుకి రాత, ఒక గుంపు నా దగ్గర. అరగంటకి మారతాయి. గోల ఉంటుంది. పని గోల వేరు, ఊరకే అరిచే గోల వేరు, వారం రోజుల్లో మీ చెవికి తేడా తెలిసిపోతుంది. సర్దే పని పిల్లలదే, డబ్బా మీద బొమ్మ అతికిస్తే ఏది ఎందులోకో వాళ్ళకే తెలుస్తుంది. సిలబస్ గురించి టెన్షన్ వద్దు, పదులు ఒకట్లు సరిగా కుదిరిన పిల్లలు తర్వాతి నాలుగు పాఠాలు త్వరగా దాటేస్తారు.

2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసుని ఒకే దశగా చూసి ఆటపాటలతో నేర్పమంది, చిన్న క్లాసుల్లో చదవడం, లెక్కలు గట్టిపడాలని 2021లో కేంద్రం నిపుణ్ భారత్ తెచ్చింది, 2022లో తెలంగాణ అదే పనికి తొలిమెట్టు మొదలుపెట్టింది, 2023లో జాదూయి పిటారా పేరుతో ఆట వస్తువుల పెట్టె కూడా తెచ్చారు. మంచిదే. పై నుంచి అనుమతి ఉంది అని చెప్పుకోడానికైనా పనికొస్తాయి. అసలు కష్టం తల్లిదండ్రుల దగ్గర. "బడిలో ఆడిస్తున్నారంట, రాయించట్లేదంట" అని అడుగుతారు, పిల్లల మీద ఆశతో అడిగే మాట అది, విసుక్కోకూడదు. నేను నెలకోసారి సాయంత్రం పిలిచి, పిల్లల చేతే కట్టలు విప్పించి తీసివేత చేయించి చూపిస్తాను. కూలి పనికి వెళ్ళొచ్చిన ఒకమ్మ మనవరాలి పక్కన కూర్చుని వామనగుంటలు ఆడి, "ఇదైతే నాకూ వచ్చుగా" అంది. ఆవిడ ఇంట్లో రోజూ ఆడిస్తోంది ఇప్పుడు.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి ఒక పని. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఇళ్ళల్లో చింతపండు కొడతారు, పిక్కలు బుట్టల కొద్దీ వస్తాయి. వేసవి సెలవులిచ్చే ముందే పిల్లలతో చెప్పి ఉంచండి, పారేయొద్దని. కడిగి, రెండు రోజులు ఎండబెట్టి, మూత ఉన్న డబ్బాలో పోస్తే పురుగు పట్టవు. ఈనెలు పచ్చివి వద్దు, ఎండినవి చూసుకోండి. జూన్‌లో బడి తెరిచేసరికి ఈ రెండు డబ్బాలూ, కొంచెం సుద్ద, ఒక పళ్ళెం ఇసుక ఉంటే మొదటి నెల గడిచిపోతుంది. మీ ప్రాంతంలో ఇలాంటి ఆటలు వేరేవి ఉంటే కింద రాయండి, ముఖ్యంగా రాయలసీమ, ఉత్తరాంధ్ర వైపు వాళ్ళు. ఎన్ని పిక్కలతో ఆడతారు, నియమాలు ఏంటి, అన్నీ వివరంగా రాయండి. జూన్‌లో మా క్లాసులో ఆడించి చూస్తాను.